యజమాని దుబాయిలో, మేస్త్రి విజయనగరంలో: పాత ఇల్లు వ్యాపార భవనంగా మారేటప్పుడు ఏమేం మారతాయి

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు విమానాశ్రయానికి 2023 మే నెలలో శంకుస్థాపన జరిగిన దగ్గర నుంచి విజయనగరం చుట్టుపక్కల పాత ఇళ్ల గురించిన మాటల తీరు మారింది. తాతలనాటి పెంకుటిల్లయినా, నాన్నగారు కట్టించిన శ్లాబు ఇల్లయినా, దాన్ని బాగుచేయించి కింద హోటలో పైన లాడ్జీ గదులో పెడితే బాగుంటుందన్న ఆలోచన చాలా కుటుంబాల్లో వినిపిస్తోంది. అయితే ఆ ఇళ్ల యజమానుల్లో ఎందరో ఊళ్లో లేరు. ఉద్దానం పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకూ సింగపూరుకూ వెల్డర్లుగా, ఫిట్టర్లుగా వెళ్లినవారు కొందరైతే, అమెరికాలో కంప్యూటర్ ఉద్యోగాల్లో స్థిరపడినవారు మరికొందరు. డబ్బు అక్కడ, ఇల్లు ఇక్కడ, నిర్ణయాలు వాట్సాప్‌లో జరుగుతుంటాయి.

ఈ వ్యవహారం చిక్కుపడటానికి ముఖ్య కారణం దూరం కాదని నా అభిప్రాయం. "ఇల్లు రిపేరు చేయించి హోటలు పెడదాం" అన్న ఒక్క మాటలో కనీసం మూడు వేర్వేరు పనులు ఇమిడి ఉన్నాయి. ఊళ్లో ఉన్న యజమాని వాటిని రోజూ గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటిగా విడదీసుకుంటాడు, ఊళ్లో లేని యజమానికి మాత్రం ఆ మూడూ కలిసి ఒకే బిల్లుగా కనిపిస్తాయి.

విషయం తేలిక కావడానికి ఒక ఊహాజనిత ఉదాహరణను వ్యాసమంతటా వెంట తీసుకెళదాం. విజయనగరంలో 200 గజాల స్థలం, అంటే ముందు వెడల్పు 30 అడుగులు, లోతు 60 అడుగులు. 1986లో తండ్రి తన సంపాదనతో కట్టించిన ఇల్లు, ఆ తర్వాత పదేళ్లకు పైన మరో అంతస్తు. తండ్రి ఇప్పుడు లేరు. పెద్దకొడుకు దుబాయిలో, తమ్ముడు విజయనగరంలో, చెల్లెలు శ్రీకాకుళంలో అత్తవారింట, తల్లి తమ్ముడి దగ్గర ఉంటున్నారు. కింద టిఫిన్ హోటలు, పైన నాలుగు లాడ్జీ గదులు పెట్టాలన్నది ఆలోచన.

మరమ్మతు, మార్పు, వినియోగ మార్పు

మొదటిది మరమ్మతు: పెచ్చులు ఊడిన చోట మళ్లీ పూత పూయడం, గచ్చు తీసి టైల్స్ వేయడం, తలుపులు మార్చడం, రంగులు వేయించడం వంటివి. కట్టడం ఆకారం, విస్తీర్ణం, బరువు మోసే భాగాలు మారనంతవరకు ఇలాంటి పనులకు సాధారణంగా ప్లాను అనుమతి అవసరం పడదు.

రెండోది నిర్మాణ మార్పు: గోడ తీయడం, దూలం వేయడం, మెట్లను ఒక వైపు నుంచి మరో వైపుకు మార్చడం, పైన గది కట్టడం. వీటికి మున్సిపాలిటీ లేదా పట్టణాభివృద్ధి సంస్థ అనుమతి కావాలి. ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నియమాలు 2017లో వచ్చాయి. ప్లానులను లైసెన్సు పొందిన సాంకేతిక నిపుణుడి ద్వారా ఆన్‌లైన్‌లోనే దాఖలు చేస్తారు కాబట్టి, దుబాయిలో ఉన్న యజమానికి ఈ దశలో దూరం పెద్ద అడ్డంకి కాదు.

మూడోది వినియోగ మార్పు. దీన్నే ఎక్కువమంది మరచిపోతారు. ఒక్క ఇటుక కదపకపోయినా, నివాసం వ్యాపార స్థలమైతే చట్టం దృష్టిలో అది వేరే భవనం. మాస్టర్ ప్లానులో ఆ వీధి ఏ జోన్‌లో ఉంది, ముందున్న రోడ్డు వెడల్పు ఎంత, వచ్చేవారి బళ్లు ఎక్కడ నిలుస్తాయి అన్న ప్రశ్నలు అప్పుడే పుడతాయి. ఆస్తి పన్ను నివాసేతర రేటుకు మారుతుంది. కరెంటు మీటరు గృహ కేటగిరీ నుంచి వాణిజ్య కేటగిరీకి వెళుతుంది, లోడు పెంచుకోవాలి. ట్రేడ్ లైసెన్సు, ఆహార భద్రత లైసెన్సు, కార్మిక శాఖలో దుకాణ నమోదు వీటికి అదనం.

వినియోగం మారితే నియమాలు ఎంత మారతాయో చూపే ఉదాహరణ అగ్నిమాపక అనుమతి. 1999 నాటి రాష్ట్ర అగ్నిమాపక చట్టం ప్రకారం వాణిజ్య భవనానికి ఈ అనుమతి ప్రధానంగా ఎత్తు 15 మీటర్లు దాటినప్పుడు కావాలి. మన రెండంతస్తుల ఇల్లు అరుగుతో కలిపి 23 అడుగులు, అంటే దాదాపు 7 మీటర్లే కాబట్టి టిఫిన్ హోటలుకు ఆ మెలిక తగలదు. అదే ఇంటిని తమ్ముడు చిన్న ఫంక్షన్ హాలుగా మారుద్దామంటే కథ వేరు. జనం గుమిగూడే భవనాలకు స్థలం 500 చదరపు మీటర్లు మించినా, ఎత్తు 6 మీటర్లు మించినా ఆ చట్టం వర్తిస్తుంది. మన స్థలం 167 చదరపు మీటర్లే అయినా ఎత్తు 7 మీటర్లు కాబట్టి అనుమతి తప్పదు. ఇటుకలు అవే, గోడలు అవే; బోర్డు మీద రాసిన మాట మారిందంతే.

ఇంటి మీద హక్కు ఎవరెవరిది

పెద్దకొడుకు డబ్బు పెడుతున్నాడు గనుక ఇల్లు తనదేనని అనుకోవడం సహజం. తండ్రి స్వార్జితం, వీలునామా లేదు అనుకుంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం తల్లికి, ఇద్దరు కొడుకులకు, కూతురికి తలా నాలుగో వంతు వస్తుంది. "ఆడపిల్లకు కట్నమిచ్చి పంపేశాం కదా" అన్న మాటకు చట్టంలో విలువ లేదు. పిత్రార్జితంలో సైతం కూతుళ్లకు సమాన హక్కు కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే సవరణ చేసింది. 2005లో కేంద్రం దాన్ని దేశమంతటికీ విస్తరించింది. చెల్లెలు తన వాటాను వదులుకోదలిస్తే హక్కు విడుదల పత్రం రిజిస్టరు కావాలి. పెద్దమనుషుల సమక్షంలో తెల్లకాగితం మీద రాసుకున్న పంపకాల జాబితా కుటుంబంలో మాట నిలబెట్టడానికి పనికొస్తుందేమో గానీ, బ్యాంకు అప్పు దగ్గరకొచ్చేసరికి నిలవదు.

పల్లెల్లో దీనికన్నా పాత చిక్కు ఒకటుంది. గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో, ఉన్న ఇళ్లకు పొలాల మాదిరిగా అడంగల్ ఉండదు. తరాలుగా కాపురమే ఆధారం. కేంద్రం 2020లో మొదలుపెట్టిన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో కొలిచి అలాంటి ఇళ్లకు ఆస్తి పత్రాలు ఇవ్వాలన్నది ఇందుకే. ఆ పత్రం లేని ఇంటిపై 20 లక్షలు ఖర్చుపెట్టడం నేరం కాదు, కానీ ఆ ఇంటిని తనఖాగా చూపి అప్పు తీసుకోవడం దాదాపు అసాధ్యం.

పవరాఫ్ అటార్నీ: ఎంత విశాలంగా రాయాలన్న వాదన

తన తరఫున సంతకాలు పెట్టడానికి ఒకరికి అధికారమిచ్చే పత్రమే పవరాఫ్ అటార్నీ. జనరల్ అంటే అన్ని వ్యవహారాలకూ, స్పెషల్ అంటే పేర్కొన్న పనికి మాత్రమే. విదేశంలో రాసిన పత్రం ఇక్కడ చెల్లడానికి రెండు దారులున్నాయి. భారత రాయబార కార్యాలయంలో లేదా కాన్సులేట్‌లో అధికారి ఎదుట సంతకం చేసి ధ్రువీకరణ పొందడం ఒకటి. అక్కడి నోటరీ ముందు సంతకం చేసి, ఆ దేశ ప్రభుత్వం చేత అపొస్టిల్ ముద్ర, అంటే ఒప్పందంలోని ఇతర దేశాల్లోనూ చెల్లే ధ్రువీకరణ, వేయించడం రెండోది. అపొస్టిల్ ఒప్పందంలో భారత్ 2005 నుంచి ఉంది, అమెరికా కూడా ఉంది. యూఏఈ అందులో లేదు. అందుకే దుబాయి యజమాని కాన్సులేట్‌కే వెళ్లవలసి వస్తుంది.

పత్రం ఇండియా చేరిన తర్వాత మరో గడియారం నడవడం మొదలవుతుంది. 1899 నాటి స్టాంపు చట్టం ప్రకారం, విదేశంలో రాసిన పత్రం ఇక్కడికి అందిన మూడు నెలల లోపు స్టాంపు సుంకం కట్టించుకోవాలి. ఇది జిల్లా రిజిస్ట్రార్ కార్యాలయంలో జరిగే పని. కొరియరు కవరును బీరువాలో పెట్టి, అవసరమైనప్పుడు చూద్దామనుకునే కుటుంబాలు ఇక్కడే దెబ్బతింటాయి.

ఇక జనరలా, స్పెషలా? తమ్ముడికి విశాలమైన అధికారమిస్తే పని ఆగదని ఒక వాదన. కరెంటు లోడుకు ఒకటి, ప్లానుకు ఒకటి, బ్యాంకుకు ఒకటి చొప్పున ప్రతిసారీ కాన్సులేట్ చుట్టూ తిరగడం ఉద్యోగస్తుడికి నరకమే. అమ్మకం, తనఖా అధికారాలు కూడా చేరిపోయిన జనరల్ పత్రం వల్ల అన్నదమ్ముల మధ్య లేని అనుమానాలు పుడతాయన్నది ఎదుటి వాదన. రెండింటిలోనూ నిజముంది. ఆచరణలో కనిపించే మధ్యమార్గం ఏమిటంటే, అనుమతులు, కాంట్రాక్టులు, కరెంటు, నీరు, పన్నులు అన్నింటినీ పేరుపేరునా రాసి, అమ్మకం, తనఖా, దానం అధికారాలు ఇవ్వడం లేదని అదే పత్రంలో స్పష్టంగా చెప్పడం. రాసిచ్చినవారు మరణిస్తే పత్రం సాధారణంగా అక్కడితో ముగుస్తుందన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుంచుకోవలసిందే. వయసుపైబడిన తల్లి వాటాకు సంబంధించి ఇది చిన్న విషయం కాదు.

గోడ తీస్తే బరువు ఎటు పోతుంది

అసలు ప్రమాదం దాగి ఉన్నది ఇక్కడ. 1980ల్లో మన పట్టణాల్లో కట్టిన ఇళ్లలో చాలావాటికి పిల్లర్లు ఉండవు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలే శ్లాబును మోస్తాయి. టిఫిన్ హోటలుకు పెద్ద హాలు కావాలి, ముందు గదికీ మధ్య గదికీ నడుమ గోడ అడ్డంగా ఉంది. "గోడే కదా బాబూ, తీసేస్తే హాలు పెద్దదైపోద్ది" అంటాడు మేస్త్రి. వీడియో కాల్‌లో అది నిజంగానే గోడలా కనిపిస్తుంది తప్ప దూలంలా కనిపించదు.

లెక్క చూద్దాం. తొమ్మిది అంగుళాల మందం, 10 అడుగుల ఎత్తు ఉన్న ఇటుక గోడ ఒక్కో అడుగు పొడవుకు దాదాపు 400 కిలోల బరువుంటుంది. మనం తీయదలచిన గోడ పొడవు 12 అడుగులు. సరిగ్గా దాని మీదే పై అంతస్తులో మరో గోడ ఉంటే, ఆ పై గోడ బరువే దాదాపు 5 టన్నులు. దానికి రెండు వైపులా ఉన్న శ్లాబు బరువూ, పైకప్పు బరువూ కలపాలి. ఇదంతా ఇన్నాళ్లూ కింది గోడ గుండా పునాదిలోకి దిగింది. గోడ తీస్తే ఆ బరువును మోయడానికి ఇనుప లేదా కాంక్రీటు దూలం కావాలి. దూలం రెండు చివరలూ ఆనే చోట గోడ నలిగిపోకుండా దిమ్మెలు కావాలి. ఆ దిమ్మెల కింద పునాది సరిపోతుందో లేదో చూడాలి. పోట్లు, అంటే తాత్కాలిక ఆసరా కర్రలు, పెట్టకుండా గోడ తీసేస్తే పై అంతస్తు అదే రోజు కూలకపోవచ్చు. మా పక్క వీధిలో ఒక దుకాణంలో అలా తీసిన చోట పై గది గోడకు మెట్లమెట్లుగా పగులు వచ్చింది. దాని మీద ఇప్పటికి మూడుసార్లు పుట్టీ పెట్టారు, పగులు మూడుసార్లూ అదే దారిలో తిరిగివచ్చింది.

బరువు విషయంలో ఒక మంచి వార్త కూడా ఉంది. భారత ప్రమాణాల ప్రకారం నివాస గదుల నేల మీద చదరపు మీటరుకు 200 కిలోల వినియోగ భారాన్ని, అంటే మనుషులు, సామాన్ల బరువును, లెక్కలోకి తీసుకుంటారు. లాడ్జీ పడకగదులకూ అంతే. దుకాణాలకు, భోజనశాలలకు అది 400 కిలోలు, సామాన్ల గదికి 500 కిలోలు. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న గది సుమారు 16.7 చదరపు మీటర్లు. నివాసంగా దాని మీద 3.3 టన్నులు అనుకుంటే భోజనశాలగా 6.7 టన్నులు, అంటే రెట్టింపు. మన ఉదాహరణలో హోటలు నేల మీద, గదులు పైన ఉన్నాయి కాబట్టి పై శ్లాబు మీద భారం పెద్దగా మారదు. ఎవరైనా "పైన గాలి బాగుంటుంది, భోజనశాల పైన పెడదాం" అని తారుమారు చేస్తేనే లెక్క తప్పుతుంది.

మరి పై గదులతో చిక్కేమీ లేదా? ఉంది, అది స్నానాల గదుల్లో ఉంది. ఇంట్లో పైన ఒక్క స్నానాల గది ఉండేది, లాడ్జీకి నాలుగు కావాలి. పైపులు శ్లాబు కింద వేలాడితే హోటలులో కూర్చున్నవారి తల మీద కనిపిస్తాయి కాబట్టి, నేలను 6 అంగుళాలు ఎత్తు చేసి, ఇటుక ముక్కలతో నింపి, అందులోంచి పైపులు పోనిస్తారు. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు గల స్నానాల గదిలో ఆ నింపుడు బరువే 800 కిలోలకు పైగా ఉంటుంది. ఆ వైశాల్యానికి శ్లాబు డిజైనులో వినియోగ భారంగా అనుకున్నది మొత్తం 650 కిలోలు. మనిషి అడుగుపెట్టకముందే అనుకున్న భారం దాటిపోయిందన్నమాట. నిండితే టన్నుకు పైగా తూగే వెయ్యి లీటర్ల ట్యాంకు దీనికి అదనం.

శ్లాబు ఆరోగ్యం సంగతి వేరు. కళింగపట్నం, బారువ, భోగాపురం వంటి తీరానికి దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి కాంక్రీటులోకి చేరి లోపలి చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. తుప్పు అసలు ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్ల వరకు చోటు ఆక్రమిస్తుంది. లోపల్నుంచి నెట్టడం వల్లే పెచ్చులు ఊడతాయి. ఊడిన చోట సిమెంటు పూసి రంగు వేస్తే ఫొటోలో కొత్త శ్లాబే. చిన్న సుత్తితో తట్టి చూస్తే మాత్రం బాగున్న చోట గట్టి శబ్దం, విడిపోయిన చోట కుండ మీద కొట్టినట్టు గుల్ల శబ్దం వస్తుంది. ఆ తేడా ఫోనులో వినిపించదు. నిర్మాణ ఇంజనీరు చేసే పరీక్షలు ఈ చెవి పరీక్షకు కొనసాగింపే.

మండువా ఇళ్లు, సున్నంతో కట్టిన గోడల విషయంలో తప్పు మరో రకంగా జరుగుతుంది. సున్నపు గోడ నేల చెమ్మను పీల్చి గాలికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూత, ఆపైన ప్లాస్టిక్ రంగు వేస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, రెండు వానాకాలాలు తిరిగేసరికి పూత ఉబ్బి రాలుతుంది. మేస్త్రి తప్పు చేశాడంటారు. నిజానికి అతను తనకు చెప్పిన పని బాగానే చేశాడు.

కూల్చి కట్టడమా, నిలబెట్టి బాగుచేయడమా

ఇన్ని పరీక్షలు, దూలాలు ఎందుకు, కూల్చి కొత్తగా కడితే పోదా అన్న వాదన బలమైనదే. కొత్త భవనం పిల్లర్లతో లేస్తుంది, హాలు కావలసినంత వస్తుంది, బ్యాంకు అప్పు తేలిక. అయితే పాత ఇల్లు రోడ్డు అంచు దాకా కట్టి ఉంటుంది. కొత్త భవనానికి చుట్టూ ఖాళీ వదలాలి. మన స్థలంలో ముందు 10 అడుగులు వదలాల్సి వస్తే 30 అడుగుల వెడల్పులో 300 చదరపు అడుగులు పోయినట్టే, అదీ వ్యాపారానికి అన్నిటికన్నా విలువైన ముఖభాగంలో. రోడ్డు విస్తరణ గీత స్థలంలోంచి వెళుతుంటే ఆ భాగం విడిచిపెట్టాలి. జాతీయ రహదారి పక్కనైతే రహదారి సంస్థ అనుమతి, సముద్రతీరంలోనైతే తీర నియంత్రణ నియమాలు కూడా వచ్చిపడతాయి. పాత ఇంటిని నిలబెట్టేవారి లెక్కలో ముఖ్యాంశం ఇదే. ఇంజనీరు నివేదికలో శ్లాబు బతికే ఉందని తేలితే వారిది సబబైన వాదన, చువ్వలను తుప్పు సగానికి సగం తినేసి ఉంటే కాదు.

మేస్త్రి కొలత, ఇంజనీరు కొలత

కాంట్రాక్టులు ప్రధానంగా రెండు రకాలు. సామాన్లు యజమాని కొనిస్తే కూలి మాత్రమే తీసుకునే లేబరు కాంట్రాక్టు ఒకటి, సామాన్లతో సహా చదరపు అడుగుకు ఇంతని మాట్లాడుకునే కాంట్రాక్టు రెండోది. మొదటిదాంట్లో సిమెంటు బస్తాలు ఎన్ని వచ్చాయి, ఎన్ని పనిలోకి వెళ్లాయి అన్నది రోజూ చూసే మనిషి కావాలి. రెండోదాంట్లో ఆ బాధ లేదు గానీ, కనిపించని చోట పాళ్లు పలచబడే ప్రమాదం ఉంటుంది. మూడో దారిగా ఇంజనీరుకు ఖర్చులో శాతం చొప్పున రుసుమిస్తే, ఖర్చు పెరిగినకొద్దీ అతని ఆదాయమూ పెరుగుతుందన్న విమర్శ న్యాయమైనదే; అందుకే కొందరు మొత్తాన్ని ముందుగానే స్థిరంగా మాట్లాడుకుంటారు. తమ్ముడే చూసుకుంటాడన్నది నాలుగో దారి. అతని సమయానికి విలువ కట్టకపోవడం వల్ల అది చవకగా కనిపిస్తుంది.

గొడవలు ఎక్కువగా మోసంతో మొదలవవు, కొలతతో మొదలవుతాయి. 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల గోడకు రెండు వైపులా పూత వేశారు. గోడలో 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గల గుమ్మం ఉంది. గుమ్మాన్ని తీసివేయకుండా కొలిస్తే 240 చదరపు అడుగులు. రెండు వైపులా తీసేస్తే 198. భారత ప్రమాణాల కొలత పద్ధతి ప్రకారం ఇంత పరిమాణం గల గుమ్మానికి ఒక వైపు మాత్రమే తీసివేస్తారు, ఎందుకంటే అంచుల్లో చేసే పని మిగిలిన దానికి సరిపోతుందని లెక్క, అప్పుడు 219. ఒకే గోడకు మూడు జవాబులు, ఒక్కటీ అబద్ధం కాదు. 240కీ 198కీ మధ్య తేడా ఆరో వంతుకన్నా ఎక్కువ. ఏ పద్ధతిలో కొలుస్తామో ఒప్పందంలో ఒక వాక్యం రాసుకుంటే పోయే గొడవ ఇది. ఊళ్లో ఉన్న యజమాని టేపు పట్టుకుని అక్కడికక్కడే తేల్చుకుంటాడు. దుబాయికి మాత్రం పని అయ్యాక బిల్లే వెళుతుంది.

కాలం కూడా కొలతే. శ్లాబు వేశాక 4.5 మీటర్ల లోపు వెడల్పుకు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు పోట్లు ఉండాలి. ఇప్పుడు ఎక్కువగా దొరికే బూడిద కలిసిన సిమెంటుకు కనీసం 10 రోజులు నీళ్లు పట్టాలి. తడిపిన కాసేపటికి తీసిన ఫొటోలో శ్లాబు ఎప్పుడూ తడిగానే ఉంటుంది. విజయనగరంలో ఉదయం 9 గంటలంటే దుబాయిలో ఏడున్నర, కాబట్టి ఉద్యోగానికి వెళ్లేముందు వీడియో చూడొచ్చు. డల్లాస్‌లో ఉన్నవారికి అది ముందు రోజు రాత్రి తొమ్మిదిన్నర లేదా పదిన్నర.

పంచాంగం, తుపాన్లు కలిసి పని క్యాలెండరును నిర్ణయిస్తాయి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న, 2014లో హుద్‌హుద్ అదే తేదీన, 2018లో తిత్లీ అక్టోబరు 11న తీరం దాటాయి. మేడ మీద రేకుల షెడ్డు వేసి భోజనశాల చేద్దామనుకునేవారు ఈ తేదీలను ఒకసారి చూడటం మంచిది. జనవరిలో సంక్రాంతికి మేస్త్రులు సొంతూళ్లకు వెళితే ముక్కనుమ అయ్యాక గానీ రారు. ఆషాఢం, మూఢం కొన్ని కుటుంబాలకు లెక్కే, కొన్నిటికి కాదు. ఆరు నెలల పని అన్నప్పుడు ఇవన్నీ కలిపే అన్నారా లేదా అన్నది అడగవలసిన ప్రశ్న.

డబ్బు ఏ ఖాతాలోంచి కదులుతుంది

విదేశీ సంపాదన వచ్చిపడేది ఎన్ఆర్ఈ ఖాతా. ఇక్కడి అద్దెలు, పింఛన్లు, అమ్మకాల సొమ్ము వెళ్లేది ఎన్ఆర్ఓ ఖాతా. ఎన్ఆర్ఈ నుంచి ఇక్కడి మేస్త్రికో దుకాణానికో చెల్లించడానికి ఆటంకం లేదు. కానీ ఆ డబ్బు ఒకసారి గోడలో కలిసిపోయాక, వారసత్వ ఆస్తిని ఎప్పుడైనా అమ్మితే వచ్చేది ఎన్ఆర్ఓలోకే. అక్కడి నుంచి పన్నులు పోను ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల వరకు విదేశానికి పంపుకోవచ్చు. మన జిల్లాల్లో ఇళ్ల విలువకు ఆ పరిమితి అడ్డు కాకపోవచ్చు.

ఎక్కువమంది చేసే పని డబ్బును తమ్ముడి ఖాతాకు పంపడం. సోదరుడికి పంపిన సొమ్మును బహుమతిగా చూసినా అతనికి పన్ను పడదు. అయితే రేపు ఇల్లు అమ్మినప్పుడు, బాగుచేయించడానికి అయిన ఖర్చును తన పేరున చూపించాలంటే అన్నగారి దగ్గర బిల్లు ఉండదు, బ్యాంకు నమోదు ఉండదు, తమ్ముడి మాట మాత్రమే ఉంటుంది.

నగదు విషయంలో మరో మెలిక ఉంది. వ్యాపార ఆస్తిపై ఒకే మనిషికి ఒకే రోజు 10,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే, ఆ మొత్తాన్ని తరుగుదల (ఆస్తి పాతబడుతున్నందుకు ఏటా ఆదాయంలోంచి తీసివేసుకునే భాగం) కోసం ఆస్తి ఖరీదులో కలపనివ్వరు. ప్రతి శనివారం మేస్త్రి చేతిలో 25,000 పెట్టే అలవాటుతో పన్నెండు వారాల్లో 3 లక్షలు ఇలా లెక్కలోంచి పోతాయి. భవనాల తరుగుదల రేటు 10 శాతం కాబట్టి మొదటి ఏడాదే 30,000 రూపాయల మినహాయింపు పోయినట్టు.

జీఎస్టీ గురించి క్లుప్తంగా: సిమెంటుపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. కానీ భవనంలో కలిసిపోయే సామాన్లపై కట్టిన పన్నును వ్యాపారం కట్టవలసిన పన్నులోంచి సాధారణంగా తగ్గించుకోనివ్వరు. మామూలు హోటలు, 7,500 రూపాయల లోపు గదులు 5 శాతం కట్టినా, కొన్నవాటిపై కట్టింది తిరిగి రాదు. అంచనా వేసేటప్పుడు పన్నును ఖర్చుగానే చూడాలన్నమాట.

వ్యాపారం ఎవరి పేరున, అద్దె ఎవరికి

ప్రవాస భారతీయుడు సొంత వ్యాపారం పెట్టవచ్చు, భాగస్వామ్య సంస్థలో పెట్టుబడి పెట్టవచ్చు. ఆ పెట్టుబడిని తిరిగి విదేశానికి తీసుకెళ్లబోనన్న షరతు ఉంటుంది. వ్యవసాయం, తోటలు, స్థిరాస్తి వ్యాపారం, పత్రికల్లో మాత్రం ఇలా పెట్టుబడి పెట్టడానికి వీల్లేదు. సొంత భవనాన్ని అద్దెకివ్వడం స్థిరాస్తి వ్యాపారం కిందికి రాదు.

అందుకే చాలామంది హోటలు తమ్ముడి పేరున పెట్టి, భవనం అద్దె తీసుకోవడాన్ని తేలిక దారిగా ఎంచుకుంటారు. ఇక్కడ తెలియక జరిగే పొరపాటు ఏమిటంటే, విదేశంలో నివసించే యజమానికి అద్దె ఇచ్చేవారు మొదటి రూపాయి నుంచే సుమారు 31.2 శాతం పన్ను పట్టుకుని ప్రభుత్వానికి జమ చేయాలి. మిగతావారు తమ వాటాలను అన్నగారికి రాసిచ్చారనీ, నెలకు అద్దె 40,000 అనీ అనుకుందాం. తమ్ముడు 12,480 పట్టుకుని 27,520 చేతికివ్వాలి. ఏడాదికి పట్టుకున్నది 1,49,760. వార్షిక అద్దె 4,80,000లో 30 శాతం ప్రామాణిక తగ్గింపు పోను పన్ను లెక్కకు వచ్చేది 3,36,000. 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు పన్ను లేదు కాబట్టి, ఇండియాలో వేరే ఆదాయం లేకపోతే కట్టవలసింది సున్నా. పట్టుకున్న 1,49,760 మొత్తం తిరిగి వస్తుంది, అన్నగారు రిటర్ను వేస్తే. తక్కువ పట్టుకోవడానికి శాఖ నుంచి ముందుగానే ధ్రువపత్రం తెచ్చుకునే వీలుంది.

తమ్ముడు ఏమీ పట్టుకోకుండా 40,000 పంపేస్తే అన్నగారికి ఆ నెల సంతోషమే. అయితే నోటీసు దుబాయికి వెళ్లదు. పట్టుకోవలసిన మనిషి తమ్ముడు కాబట్టి, విజయనగరంలో హోటలు కౌంటరు దగ్గరకే వస్తుంది.